ఎండిన చెరువులో అడ్డదారి

కంభం చెరువును మా జేజి కాలంలో సముద్రమనే అనేవాళ్లు. గుండ్లకమ్మ, జంపలేరు పొంగి వస్తే దానికి అంతు కనిపించేది కాదట. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో వానలు మొహం చాటేశాయి. ఆ ఏరుల్లో ఇసుక తేలింది. చెరువు ఏటికేడు లోపలికి ముడుచుకుపోయింది.

మా పెద్దమ్మ శ్రీశైలమ్మ పుట్టిల్లు చెరువుకు అటు పక్క, మెట్టినిల్లు ఇటు పక్క. వెళ్లాలంటే కట్ట మీదుగా చుట్టూ తిరిగి పూటంతా నడవాలి. కాపురానికొచ్చిన ఆడదానికి అంత తీరిక ఎవరిస్తారు? ఇంట్లో గొడ్లు, చేలో కలుపు, ఆపైన ఆమె అత్త, మా నాయన తల్లి, జేజి గోవిందమ్మ నోరు. ఆ నోట్లో నేనూ పడ్డాను, నాకు తెలుసు.

చెరువు అడుగంటిన ఏడాది కబురొచ్చింది. మేత లేక పెద్దమ్మ నాయన రంగయ్య గొర్రెల మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతున్నాడు, తల్లి పిచ్చమ్మ కూడా వెంట పోతోంది. మర్నాడే ప్రయాణం. తల్లికి అప్పటికే ఆయాసం. ఇప్పుడు చూడకపోతే ఇక చూడనేమోనని పెద్దమ్మ భయం.

తెల్లారి జేజిని అడిగింది. "పోయిరా. దీపాలేళకు ఇంట్లో ఉండాల," అంది జేజి. ఆమె మంచితనం అంతవరకే.

త్వరగా చేరొచ్చని పెద్దమ్మ ఎండిన చెరువులోకి దిగి అడ్డంగా నడిచింది. నెర్రెలిచ్చిన ఒండ్రు, వట్టి కాళ్లు. నడిమధ్య తడారని బురదలో దిగబడి, పైకి లేచి, చుట్టు తిరిగి పోయేసరికి మధ్యాహ్నం దాటింది. పుట్టింటికి తాళం.

"ఏందమ్మా, ఇట్ల వచ్చినావు?" అంది పక్కింటి పద్మమ్మ. "మీ అమ్మ నిన్ను చూడాలని పొద్దున్నే మీ ఊరికి పోయినాది. కట్ట మీద ఎదురుపడలేదా? మంద కూడా అటే పోయినాది. మీ నాయన ఆమెను ఆడ్నే కలుపుకొని పోతాడంట."

పిచ్చమ్మ ఎప్పుడూ నడిచే దారిలోనే నడిచింది. ఆ దారి వదిలింది కూతురే.

పెద్దమ్మ కూర్చోలేదు, మంచినీళ్లు తాగలేదు. ఈసారి కట్ట పట్టుకుంది. ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

"కూచోని కూచోని పాయె మీ అమ్మ. సంగటి పెడతానంటే వద్దనింది. చెంబుడు నీళ్లు అడిగి తాగింది, అంతే. మంద ఆగదు కదా," అంది జేజి.

వెంటపడి పోదామని పెద్దమ్మ వాకిలి దాటింది. అరికాళ్లన్నీ బొబ్బలు, కాళ్లు నిలవలేదు. అక్కడే కూలబడింది.

ఆ వానాకాలం పిచ్చమ్మ కృష్ణ ఒడ్డునే కన్నుమూసింది. పెద్దమ్మ ముసలిదయ్యాక కూడా ఇదే చెప్పేది. వినీ వినీ మాకు విసుగొచ్చినా చెప్పేది.

"మా అమ్మ నా గడపలో దప్పికని నీళ్లడిగిందంట. ఆ చెంబన్నా నా చేత్తో ఇయ్యలేకపోతిని."