చిన్నబ్బకు గది నచ్చలేదు

చిన్నబ్బకు గది నచ్చదు. ఏ ఊరు పోయినా, ఏ లాడ్జి ఎక్కినా, మొదట చూపించిన గది ఆయనకు నచ్చిన పాపాన పోలేదు. గడప దగ్గరే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకొని, ముక్కు ఎగబీల్చి, "ఇంకో గది సూపించప్పా" అంటాడు. తాళం ఇంకా తిరుగుతుండగానే, తలుపు తెరుచుకోకముందే అన్న రోజులు కూడా ఉన్నాయి.

చిత్తూరులో బెల్లం మండి నడిపి జుట్టు నెరిసిన మనిషి. దిమ్మెను గోటితో గీకి, ఆ పొడిని నాలుక మీద వేసుకొని, వేపాకు నమిలినట్టు మొహం పెట్టనిదే ఏ రైతు సరుకునూ ఒప్పుకున్నవాడు కాదు. మండి వదిలేసి ఇంట్లో కూర్చున్నాక గీకడానికి బెల్లం లేక ఊరివాళ్ళ గోడలు గీకుతున్నాడని ఆయన భార్య శకుంతలమ్మ అంటుంది. ఆమె నోరు మెత్తనిదని చిత్తూరులో ఎవరూ అనరు. అనాలని ఆమెకూ లేదు.

కాణిపాకంలో మేనకోడలి పెళ్ళికి విడిది గది ఇస్తే, "కిటికీ తూర్పుకు ఉండాది, ఎండ వచ్చి నిద్ర లేపతాది" అని వద్దన్నాడు. రెండోదానికి కిటికీ పడమరకు ఉంది. "గాలి రాదు" అన్నాడు. మూడోదానికి రెండు దిక్కులా కిటికీలు. "ఇది గదా, బస్టాండా?" అన్నాడు. పెళ్ళికూతురు తండ్రి చేతులు జోడించి తాను పడుకునే గదే ఇచ్చేశాడు. దాంట్లో ఫ్యాను తిరిగే తీరు నచ్చలేదు.

అంతెందుకు, వేలూరులో ఆపరేషనుకు చేర్చినప్పుడు స్ట్రెచరు మీద పడుకోబెట్టి తోసుకుపోతుంటే, పక్కనే శకుంతలమ్మ ఏడుస్తూ నడుస్తోంది. లిఫ్టు దగ్గర ఆయన తల ఎత్తి, "ఈ లిఫ్టు ఇరుకు, ఇంకోటి సూపించప్పా" అన్నాడు. తోసేవాడు నవ్వాడు. శకుంతలమ్మ ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. కత్తి కిందికి పోయేవాడిని ఆ రోజు ఆమె తిట్టిన తిట్లు నర్సులు నిలబడి విన్నారు.

అటువంటి మనిషిని వెంటబెట్టుకొని ఈ ఎండాకాలం సెలవుల్లో రిసార్టుకు బయలుదేరింది శకుంతలమ్మ. ఊరికే బయలుదేరలేదు. దానికొక కారణం ఉంది.

కొడుకు మునిశేఖర్ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్వైజరు. పెళ్ళాం పోయిన కొన్నేళ్ళకు, పోయిన ఏడాది రూపశ్రీని చేసుకున్నాడు. ఆమెకూ అది రెండో పెళ్ళే. వచ్చేటప్పుడు పదహారేళ్ళ కొడుకు భానుచందర్‌ను తెచ్చుకుంది. ఇంట్లో అప్పటికే పదిహేనేళ్ళ మునిలాస్య ఉంది, మునిశేఖర్ కూతురు. పెద్దవాళ్ళ పెళ్ళి పెద్దవాళ్ళు చేసుకున్నారు. పిల్లలను అడిగినవాళ్ళు లేరు. ఆ కోపం పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు చూపించుకున్నారు. వాడు హాల్లోకి వస్తే ఇది టీవీ ఆపేసి లేస్తుంది. ఇది కంచం ముందు కూర్చుంటే వాడికి ఆకలి ఉండదు. ఏడాదిగా ఒక్క మాట లేదు. ఉప్పు కావాలన్నా గోడకు చెప్పినట్టు శకుంతలమ్మకు చెబుతారు.

రూపశ్రీ నెమ్మదైన మనిషి. ఏమన్నా "సరే అత్తా", "సరే మామా" తప్ప ఇంకో మాట రాదు. అటువంటిది ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "సెలవులైనాక అబ్బోడిని తిరుపతిలో హాస్టల్లో వేస్తానత్తా. పాపకు ఇబ్బందిగా ఉండాది" అంది. అని, వడ్డించిన కంచంలోనే మళ్ళీ అన్నం వేసింది. కన్నతల్లి కొడుకును దూరం పెట్టుకొనే ఇల్లు తనది కాకూడదని శకుంతలమ్మకు ఒళ్ళు మండింది. పలమనేరు దాటినాక బెంగళూరు రోడ్డులో కొత్తగా నీళ్ళ పార్కు పెట్టారనీ, పిల్లలు చచ్చేంత ఆశగా ఉన్నారనీ విని, "అందరం పోదాం. ఆడనే గది తీసుకొని రెండు దినాలుందాం. ఒకే సోట ఉంటే ఎన్నాళ్ళు మూతులు ముడుసుకుంటారో సూస్తా" అంది.

మునిశేఖర్ ఫోన్లో గదులు చూసి పెట్టబోయాడు.

"ఫోన్లో బొమ్మ సూసి గది తీసుకుంటావా? ఫోన్లో నేనూ పెండ్లికొడుకు మాదిరే ఉంటా" అన్నాడు చిన్నబ్బ.

"నాయనా, పోయినాక దొరక్కపోతే?"

"దొరికిందే కదరా నా బాధ!"

అలా మూడు వరసల కారులో బయలుదేరారు. అన్నిటికన్నా వెనక సీట్లో ఆ చివర భాను, ఈ చివర లాస్య. మధ్యలో మనిషి పట్టేంత చోటు ఖాళీగా, నిప్పులు పోసినట్టు ఉంది.

మొదటి రిసార్టులో కోటు వేసుకున్న అమ్మాయి మందు గ్లాసంత గ్లాసులో రంగునీళ్ళు పోసిచ్చి, చేతికి కాగితం కడియాలు చుట్టింది. పన్నెండేళ్ళు దాటితే పెద్దవాళ్ళే కాబట్టి పిల్లలకు వేరే మంచం, దానికి వేరే రేటు అని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వుకు కూడా రేటు ఉందేమోనని శకుంతలమ్మకు అనుమానం. గదిలో మంచం మీద తువ్వాలును కొంగలాగా మడిచి కూర్చోబెట్టారు.

"ఈ కొంగతో ఏం తుడుసుకోవాల?" అన్నాడు చిన్నబ్బ. "అది నన్నే సూస్తా ఉండాది. ఇంకో గది సూపించమ్మా."

ఇంకో గదిలో రెండు కొంగలున్నాయి. చిన్నబ్బ చేతి కడియం తెంపి అమ్మాయి చేతిలో పెట్టి, కారెక్కాడు.

రెండోది పేరున్న చోటట. ఫ్యామిలీ గది చూపించారు. స్నానాల గదికి గోడ లేదు, అద్దం ఉంది. లోపల నిలబడితే మంచం మీదివాళ్ళకు పాదం నుంచి తల దాకా కనబడతారు. శకుంతలమ్మ కొంగుతో కళ్ళు మూసుకుంది.

"ఈడ స్నానం సేస్తే సూసేదానికి టికెట్టు మీరు అమ్ముతారా, మేము అమ్ముకోవాల్నా?" అని అడిగాడు చిన్నబ్బ.

"పరదా ఉంది సార్" అన్నాడు చూపించేవాడు.

"పరదా వేసేదానికి అద్దమెందుకప్పా? గోడ కట్టుకుంటే పాయె కదా!"

శకుంతలమ్మ మొదటిసారి మొగుడి మాటతో ఏకీభవించింది. దానికి ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

మూడోది నిజంగా బాగుంది. పక్కపక్కన రెండు గదులు, మధ్య తలుపు. కిటికీ తీస్తే ఎదురుగా పార్కు. ఆకాశమంత ఎత్తు నుంచి నీళ్ళతో పాటు మనుషులు జారిపడుతూ అరుస్తున్నారు. పిల్లలిద్దరూ కిటికీకి చెరొక మూల అతుక్కుపోయారు.

"తాతా, ఇది బాగుండాది" అన్నాడు భాను.

"అవును తాతా" అనేసింది లాస్య. అన్నాక నాలుక కరుచుకుంది. శకుంతలమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఏడాదిలో ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది. మునిశేఖర్ అప్పటికే సంచీ కింద పెట్టాడు.

చిన్నబ్బ గోడను గోటితో గీకాడు. గోరు వాసన చూశాడు.

"ఇద్దరికీ నచ్చిందా? అయితే దీంట్లో ఏదో లోపముండాది. పదండి."

"నాయనా!" అన్నాడు మునిశేఖర్.

"ఆ అరుపులు వినలేదా? పొద్దస్తమానం ఎవురో సచ్చినట్టే ఉండాది. పదండి, పదండి."

కారు దాకా శకుంతలమ్మ తిట్టింది. కారెక్కి తిట్టింది. "యోవ్, నీకు మనసనేది ఉండాదా? పసిబిడ్డలు నోరు తెరిసి అడిగితే ఆ నోట్లో మన్ను కొట్టినావు. నిన్ను కట్టుకున్న పాపానికి నేను బండరాయి మీద పండుకుంటా, బిడ్డలేం సేసినారు?" చిన్నబ్బ కిటికీలోంచి పొలాలు చూస్తూ, "ఈ పక్క టమాటా బాగ వేసినారే" అన్నాడు.

శకుంతలమ్మ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు వెనక సీటు నుంచి గుసగుసలు వినబడ్డాయి.

"ఫస్టు రూము ఎట్లయినా వద్దనే అంటాడు." అది లాస్య గొంతు.

"అయితే ఫస్టు ఒక చెత్త రూము చూపించమందాం. రెండోది మంచిది పెట్టుకుందాం." అది భాను.

"రెండోది కూడా వద్దంటాడు. రెండు చెత్తవి కావాల."

"అంత ఓపిక నాకు లేదు. కాళ్ళు పడిపోతా ఉండాయి. ఒకటి సాలు."

శకుంతలమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మాటలు ఆగిపోతాయని మెడ నొప్పి పుడుతున్నా ముందుకే చూస్తూ కూర్చుంది. రూపశ్రీ కూడా కదల్లేదు.

నాలుగో చోట కారు ఆగకముందే పిల్లలిద్దరూ దిగి లోపలికి పరుగెత్తారు. పెద్దవాళ్ళు చేరేసరికి కౌంటరులో మనిషి నవ్వు ఆపుకుంటూ నిలబడి ఉన్నాడు. చిన్నబ్బను మర్యాదగా వెనక వైపుకు తీసుకుపోయాడు. పక్కనే జనరేటరు గుడగుడలాడుతోంది. గదిలో పరుపు గోడకు నిలబెట్టి ఉంది. కిటికీ తీస్తే వంటింటి పొగగొట్టం. ఒక మూల విరిగిన కుర్చీలు, సొట్టలు పడ్డ వంట బొచ్చెలు.

పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

చిన్నబ్బ గడప దాటి లోపలికి పోయాడు. విరగని కుర్చీ ఒకటి వెతుక్కొని కూర్చున్నాడు.

"బాగుండాది. ఇదే ఖాయం. సామాన్లు తెప్పించప్పా."

కౌంటరు మనిషి నవ్వు ఎగిరిపోయింది. "సార్, ఇది మా స్టాఫు రూము సార్."

"స్టాఫు మాత్రం మనుషులు గారా? నాకు నచ్చింది."

"తాతా, నీకు కండ్లు కనపడవా?" లాస్య కేక పెట్టింది.

"ఇంత గలీజు రూము యాడైనా ఉంటాదా తాతా?" భాను ఇంకా గట్టిగా అరిచాడు. "ముందర పక్క మంచివి ఉండాయి!"

"మీకెట్ల తెలుసు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లాస్య ముందు తేరుకుంది.

"ఈయనతో మాటలు పెట్టుకుంటే కాదు. నువ్వు ఆ సెయ్యి పట్టుకో."

"పట్టుకున్నా. లాగు."

"పెద్దోడినిరా, పడిపోతాను!" అంటున్న చిన్నబ్బను చెరొక చెయ్యి పట్టి కుర్చీలోంచి లేపి, వసారాలోకి లాక్కొచ్చి నిలబెట్టారు. తర్వాత ముందర పక్క, మధ్య తలుపున్న రెండు గదులు తామే ఖాయం చేయడానికి కౌంటరు మనిషిని వెంటేసుకొని పరుగెత్తారు. మునిశేఖర్, రూపశ్రీ వాళ్ళ వెనకాలే పోయారు.

వసారాలో శకుంతలమ్మ నడుముకు కొంగు బిగించింది.

"బంగారం మాదిరి గది వద్దని ఈ బొచ్చెల గది నచ్చిందా నీకు?"

"మెల్లగా మే. ఆ మూడోది నాకూ నచ్చింది. పరుపు బలే ఉండె."

"మరి ఎందుకయ్యా ఈ పీనుగ వేషాలు?"

చిన్నబ్బ అటూ ఇటూ చూశాడు. "మండికి ఒకే ఊరి రైతులిద్దరు వస్తా ఉండ్రి. సేని గట్టు తగాదా. మొగాలు సూసుకోరు, సెరొక బండి. నేను ఒకరి బెల్లం ఉప్పన అంటి, ఇంకొకరిది మాడిపోయింది అంటి. సాయంత్రానికి ఇద్దరూ ఒకే బండెక్కి నన్ను తిట్టుకుంటా పోయినారు. ఊరు సేరేలోపల గట్టు సంగతి మర్సిపోయినారు."

శకుంతలమ్మ కొంగు వదులైంది. "మరి వేలూరులో? ఆడ ఎవురి తగాదా తీర్సినావు?"

"నువ్వు ఏడుస్తా ఉంటివి. నిన్ను అట్ల సూసుకుంటా లోపలికి పోలేక ఆ మాటంటి. తిట్టే పని పెడితే నువ్వు బాగుంటావు."

ఆమె జారిన కొంగు మళ్ళీ బిగించింది.

"కాణిపాకంలో?"

"ఆ గదులు నిజంగానే బాగలేవు మే."

ఇన్నేళ్ళ కాపురంలో తనను కూడా బెల్లం రైతులాగా తిప్పాడని తెలిసి శకుంతలమ్మకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తిడదామని నోరు తెరిచింది. తిడితే ఆయన గెలిచినట్టు, తిట్టకపోతే తనకు గడవదు. అంత కష్టంలో ఆమె ఎప్పుడూ పడలేదు.

మిగతా రోజంతా పిల్లలు నీళ్ళ పార్కులోనే ఉన్నారు. మర్నాడు పొద్దున టిఫిను దగ్గర అందరూ కూర్చున్నారు. చిన్నబ్బ ఇడ్లీని వేలితో నొక్కి, "ఇది..." అనబోయాడు.

"నోరు మూసుకొని తిను తాతా" అన్నారు పిల్లలిద్దరూ ఒక్కసారే.

అప్పుడు రూపశ్రీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మామా, లోకంలోని గదులన్నిటికీ మీరు వంకలు పెడతారే, మీ గురకకు ఎవురు వంక పెట్టాల? మధ్య తలుపు ఏసినా గోడలు అదిరినాయి. మాకెవురికీ నిద్ర లేదు."

మునిశేఖర్ చేతిలో పూరీ అలాగే ఉండిపోయింది. రూపశ్రీ ఆగలేదు.

"అబ్బోడిని హాస్టలుకు పంపను. ఇంటికి పోయినాక వాడి మంచం మీ గదిలోనే వేస్తా. గురక పెట్టినప్పుడంతా మిమ్మల్ని తన్నేదానికి ఒకరుండాల."

"నేనొక్కడినే సాలనమ్మా" అన్నాడు భాను.

"అన్నా, నువ్వు ఆ పక్క పండుకో, నేను ఈ పక్క" అంది లాస్య, పూరీ నములుతూ, తాను ఏ పిలుపు పిలిచిందో కూడా గమనించకుండా.

రూపశ్రీ మొహం పక్కకు తిప్పుకొని చట్నీ తేవడానికి లేచింది. చట్నీ బల్ల మీదే ఉంది.

"ఏం మనుషులప్పా, ముసిలోడని కూడా సూడరు" అని చిన్నబ్బ గొణిగాడు.

శకుంతలమ్మ తన ప్లేటులోని వడ తీసి ఆయన ప్లేటులో వేసి, పక్క బల్లలవాళ్ళకు కూడా వినబడేట్టు తిట్టడం మొదలుపెట్టింది.