హిలారియో వీపు మీది సంచి

ఆ ఏడాదంతా ఎవరో ఒకరు హిలారియో చేతిలోంచి బరువు లాక్కుంటూనే ఉన్నారు. చిన్నప్పుడే బడి మానేసి అమెరికా ఎడారిలోని ట్యూసాన్ ఊళ్ళో ఇళ్ళ కప్పులకు తారు వేసే పనిలో చేరాడతను. జుట్టు నెరిసేదాకా ఆ కప్పుల మీదే బతికాడు. మోకాలు మొరాయించడం మొదలయ్యాక మేస్త్రీ అతన్ని కిందికి దింపి, బకెట్లు పైకి అందించే పనిలో పెట్టాడు. ఇంట్లో మంచినీళ్ళ క్యాను ఎత్తబోతే భార్య మరీసెలా "వదిలెయ్, నేను చూసుకుంటాలే" అంటుంది.

వీటన్నిటికంటే నెస్టర్ పెట్టే మంట ఎక్కువ. నెస్టర్ కంకర లారీ తోలతాడు. ఇంకో స్నేహితుడు డ్వేన్ నీళ్ళ పైపుల పని చేస్తాడు. ఎండలు ముదరకముందే ఏటా ఒక శని, ఆదివారాలు ముగ్గురూ వీపున సంచులు తగిలించుకుని పడమటి ఎడారి కొండలు దాటతారు. ఒక బండి ఇవతల, ఇంకోటి అవతల పెట్టుకుంటారు. కిందటేడు పైనున్న కనుమ దగ్గర హిలారియో కాలు బిగుసుకుపోయి కూలబడితే, నెస్టర్ రెండు సంచులూ మోస్తూ అందర్నీ వెనక్కి తీసుకొచ్చాడు. అప్పట్నుంచి ఎవరింటి పెరట్లో మాంసం కాలుస్తున్నా అక్కడ నెస్టర్ చెప్పేది ఆ కథే.

"ఈసారి నా సంచి నా వీపు మీదే అవతలి బండి దాకా పోద్ది," అన్నాడు హిలారియో శనివారం పొద్దున్నే, మోకాలికి పట్టీ బిగిస్తూ.

"పోద్దిలే మావా. పోకపోతే నా రెండో భుజం ఎలాగూ ఖాళీయేగా," అన్నాడు నెస్టర్.

ఆ దారి మధ్యలో చుక్క నీరుండదు. అందుకని వెళ్ళేవాళ్ళు ముందే పక్కనున్న మట్టిదారిన వచ్చి, నీళ్ళ డబ్బాలు ఒక బండ కింద దాచుకుంటారు. డబ్బా మీద పేరు, తాము వచ్చే రోజు రాస్తారు. ఆ రోజు దాటేదాకా దాన్ని ఇంకెవరూ ముట్టరు. ఈసారి నీళ్ళు దాచే పని పట్టుబట్టి హిలారియోనే తీసుకున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి ముగ్గురూ ఆ బండ దగ్గరికి చేరారు. డ్వేన్ వంగి ఒక డబ్బాను గట్టిగా లాగాడు. అది దూదిలా లేచొచ్చింది. అన్నీ అంతే. అడుగున ఎలుకలు కొరికిన చిల్లులు.

"ఒరేయ్, ఇవి ప్లాస్టిక్ పాల డబ్బాలురా! ఇంత పల్చటివాటిలో పెట్టావా నీళ్ళు? ఆ వాసనకి కొండలో ఎలుకలన్నీ చుట్టపక్కాలతో సహా వచ్చుంటాయి," అన్నాడు డ్వేన్.

"కడిగే పెట్టాను," అన్నాడు హిలారియో. తల కొట్టేసినట్టయింది. మందపాటివి కొనమని మరీసెలా చెప్పింది కూడా.

పక్కనే ఒక నీలం డబ్బా, దళసరిది, నిండుగా ఉంది. మీద 'ఒపాల్, ఆదివారం' అని రాసి ఉంది. నెస్టర్ దాని ముందు గొంతుక్కూర్చుని మూత మీద చెయ్యి వేశాడు.

"ఆదివారమంటే రేపు కదా. ఎవరో ఈ ఒపాల్, వస్తుందో రాదో. సగం పోసుకుందాం."

"చెయ్యి తియ్యి," అన్నాడు హిలారియో.

"తప్పు నువ్వు చేసి నా మీద అరుస్తావేంట్రా?"

"తప్పు నాదే. అందుకే తియ్యమంటున్నా. రేపు ఆవిడ దీన్ని నమ్ముకునే కొండెక్కుద్ది. మన సీసాల్లో ఇంకా ఉన్నాయిగా."

"ఉన్నాయి, వెనక్కి పోడానికి మాత్రం సరిపడా," అన్నాడు డ్వేన్.

వెనక్కి. ఇక నెస్టర్ చెప్పే కథకు రెండో భాగం కూడా తయారవుతుంది. కానీ తన పంతం కోసం వీళ్ళ నోళ్ళు ఎండబెట్టలేడు. హిలారియో కనుమ కేసి చాలాసేపు చూశాడు.

"చల్లబడ్డాక కనుమ దాకా పోదాం. అవతల నీడవాటున రాతిగుంట ఉంది, చలికాలం వానలు బాగానే పడ్డాయి. పొద్దు వాలేటప్పుడు గువ్వలు అందులోకి దిగితే నీళ్ళున్నట్టు. దిగకపోతే అటునుంచటే వెనక్కి. ఈ సీసాలు సరిపోతాయి. అప్పుడు నువ్వేమన్నా నేను నోరెత్తను, నెస్టర్."

నెస్టర్ డబ్బా మీంచి చెయ్యి తీశాడు. బండ నీడలో చేరి చిక్కుడు గింజలు పెట్టి చుట్టిన రొట్టెలు తిన్నారు. నెస్టర్ తను తెచ్చిన ఉప్పు మాంసం బయటికి తీసి, దాని కేసి చూసి, మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

ఎండ తగ్గాక ఎక్కడం మొదలుపెట్టారు. కాసేపటికే హిలారియో మోకాల్లో సూదులు గుచ్చినట్టయింది.

"ఇటివ్వు సంచి. పైదాకానే," అన్నాడు నెస్టర్. ఈసారి ఎగతాళి లేదు గొంతులో. అదే ఇంకా కష్టంగా తోచింది హిలారియోకి.

"దాని మీద చెయ్యి వేశావంటే విరగ్గొడతా."

అతను నిటారుగా ఎక్కడం మానేశాడు. ఏటవాలు కప్పు మీద తారు బకెట్టుతో నడిచినట్టే, పక్కవాటుగా, పాదం అంచు మీద బరువు మోపుతూ, ఆ మూలకీ ఈ మూలకీ అడ్డంగా నడిచాడు. బిగుసుకుపోతుందని, మోకాలు వంగి ఉన్నప్పుడు ఆగలేదు. ముళ్ళపొద దగ్గర ఒకసారి జారి మోచెయ్యి చీరుకుపోయింది. లేచాడు. నోరు పిడచగట్టుకుపోతున్నా సీసా మూత తియ్యలేదు.

కనుమ మీద ముగ్గురూ కూర్చుని ఎదురుచూశారు. సూర్యుడు ఎర్రబడ్డాడు. గువ్వ లేదు. నెస్టర్ వచ్చిన దారి కేసి తిరిగి చూశాడు. అంతలో ఒకటి బాణంలా దూసుకొచ్చి కింద రాళ్ళ మధ్య దిగింది. దాని వెనక జంట. ఆ వెనక గుంపు.

"పదండి," అంటూ లేచాడు హిలారియో.

గుంటలో నీళ్ళు పచ్చగా, పురుగులతో ఉన్నాయి. రుమాలుతో వడగట్టి, మరగకాచి తాగారు. "మా ఊరి కాలవే నయం," అంటూనే డ్వేన్ ఇంకో గిన్నె నింపుకున్నాడు.

మర్నాడు దిగుడు. నిటారు చోట్ల హిలారియో కొండ కేసి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాడు. "ముందుకి నడవరా, ముసలి పీతా!" అని నెస్టర్ కిందనుంచి అరిచాడు. సగం దారిలో తెల్ల టోపీ పెట్టుకున్న బక్కపల్చటి ముసలావిడ ఎదురొచ్చింది.

"కనుమ అవతల బండ కింద నా నీళ్ళున్నాయా? నీలం డబ్బా."

"ఉన్నాయమ్మా, నిండుగా. కనుమ కింద గుంటలో కూడా ఉన్నాయి, పచ్చగా ఉంటాయనుకో."

"ఆ పచ్చనీళ్ళు మీరే తాగండి. ఎలుకలేమైనా..."

"ఎలుకలకి మావాడు వేరే పెట్టాడులే, పాల డబ్బాల్లో," అన్నాడు నెస్టర్.

"పాల డబ్బాల్లోనా? ఈ వయసొచ్చి?" అని ఆవిడ హిలారియోని పైనుంచి కిందిదాకా చూసి, పట్టీలు బిగించుకుని ఎక్కిపోయింది. ఆమె సంచికి వేలాడే సీసాలో నీళ్ళు అడుక్కంటాయి. నెస్టర్ అది చూశాడు. ఆవిడ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

బండి దగ్గర నెస్టర్ అలవాటుగా రెండు చేతులూ చాపాడు. హిలారియో అతన్ని దాటుకుని వెళ్ళి, సంచి భుజం మీంచి తీసి, తనే బండి వెనక పెట్టాడు. ముందు సీటు మీద కూలబడ్డాడు. ఒక కాలు లోపలికి వచ్చింది. రెండోది బయటే కట్టెలా ఉండిపోయింది.

"నెస్టర్."

"ఏంటి?"

"సంచి పని అయిపోయింది. ఇక వచ్చి ఈ కాలెత్తి లోపల పెట్టు."