కిర్రుమనాల్సిన తలుపు

ముప్పై ఎనిమిదేళ్ళ వడ్రంగంలో ఆయన చేసిన తలుపుల్లో ఒక్కటీ కిర్రుమనలేదు. ఈ మాట ఎవరో అనగా విన్నది కాదు. ఆయనే అనేవాడు, అదీ రోజుకు రెండుసార్లు. వాడకట్టంతా ఆయన్ని నిశ్శబ్దం మేస్త్రి అని పిలిచేది. ఆ పేరు తలుపులకు సరిపోయింది గానీ మనిషికి బొత్తిగా సరిపోలేదు. ఆయన బిగించిన తలుపు మూసుకుంటే చీమకు కూడా వినపడదు, ఆయన నోరు మూసుకోవడం మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న నూనె సీసా ఉండేది. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విడిచేలోపే వాళ్ళ తలుపు అటూ ఇటూ ఆడించి చూసేవాడు. ఏ కాస్త చప్పుడైనా సరే, మాట్లాడుతూ మాట్లాడుతూనే మడతబందుల్లో రెండు చుక్కలు వేసేసేవాడు. చేతికి తెలిసేది గానీ మనసుకు తెలిసేది కాదు. వరసకు బావగారొకాయన పోతే పరామర్శకు వెళ్ళి, పోయినాయన భార్య ఘొల్లుమంటుంటే, "ఊరుకో అక్కా, ఊరుకో. అది సరే గానీ, ఈ తలుపు ఎన్నాళ్ళనించి ఇలా ఉంది?" అన్నాడు. ఆ తర్వాత నెలరోజులపాటు భార్య ఆయనతో కలిసి గడప దాటలేదు.

ఆయనకున్న దిగులల్లా ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడే చిత్రిక పట్టడం నేర్పాడు. చెయ్యి తిరిగిన పిల్ల. తన కొట్టు చూసుకుంటుందని ఆశపడితే, ఆ అమ్మాయి వెళ్ళి సినిమాల్లో సెట్లు వేసేవాళ్ళతో చేరింది. ఐదేళ్ళయింది. "వెనక గోడ లేని ఇళ్ళు కడుతోంది" అని ఇంట్లో సణిగేవాడు. చుట్టాలు అడిగితే మాత్రం, ఏదో ఉద్యోగం అని మాట దాటేసేవాడు. ఆ 'ఏదో' వినపడినప్పుడల్లా కూతురి మొహం వాడిపోయేది. మేస్త్రికి అది కనపడేది కాదు. తలుపు ఒక వెంట్రుక వాసి వంగితే పట్టేసే మనిషి మరి.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురే కొట్టుకొచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. తాను పనిచేస్తున్న కొత్త సినిమా గురించి చెప్పింది. రెండొందల ఏళ్ళనాటి దెయ్యం కథట. పాడుబడ్డ కోట, అందులో ఒక దొర, ఆ దొర చంపి గోడలో పూడ్చేసిన పెళ్ళాం. దర్శకుడు దాన్ని ఈ కాలానికి తెచ్చాడు. కోట కాస్తా ఇరవయ్యో అంతస్తులో ఫ్లాటయింది. దొర ఒక కంపెనీలో మేనేజరయ్యాడు. కొవ్వొత్తి ఉన్నచోట సెల్‌ఫోను లైటు వచ్చింది. పెళ్ళాన్ని గోడలో పూడ్చడం మోటుగా ఉందని, ఫోనులో కుటుంబం గ్రూపులోంచి తీసేసినట్టు రాసుకున్నాడు.

"మరి దెయ్యం?" అన్నాడు మేస్త్రి.

దెయ్యం లేదని, ఒంటరితనమే దెయ్యమని కూతురు చెప్పింది. ఇదంతా విన్న నిర్మాతకు గుండె జారిపోయి, పాత కథలోది ఒక్కటైనా ఉంచమని కాళ్ళావేళ్ళా పడ్డాడట. దర్శకుడు దయతలచి కిర్రుమనే తలుపును ఉంచాడు. అయితే స్టూడియోలో పుట్టించిన చప్పుడులో ఆత్మ ఉండదు కాబట్టి నిజంగా కిర్రుమనే తలుపే కావాలన్నాడు.

"కొత్త ఫ్లాటులో తలుపు కిర్రుమంటే దెయ్యముందని ఎవరూ అనుకోరమ్మా. మేస్త్రిని తిడతారు."

"ఆ ఫ్లాట్ మొత్తం నా చేతుల మీదే నడుస్తోంది నాన్నా. బాగా వస్తే వచ్చే సినిమాకి కళాదర్శకురాలిని నేనే. తేడా వస్తే ఇంటికి పంపేస్తానని దర్శకుడు మొహం మీదే చెప్పాడు. కిర్రు ఎందుకొస్తుందో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

అంతగా అడిగాక కాదనలేకపోయాడు. మొదటి తలుపు చేశాడు, కిక్కురుమనలేదు. కావాలనే వంకరగా బిగించి రెండోది చేశాడు, అదీ అంతే. తప్పు చెయ్యమని బుర్ర చెబుతుంటే చేతులు వినకుండా సర్దేస్తున్నాయి. ఆఖరికి కూతురు పక్కన నిలబడి, ఇక్కడ వదులు చెయ్యి, అక్కడ బిగించు అని చెప్పడం మొదలుపెట్టింది. ఆయన పళ్ళు బిగపట్టి చేశాడు. మూడో తలుపు కిర్రుమంది. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని విని, ఇంకాస్త సన్నగా రావాలంది, మధ్యలో ఒక్క క్షణం ఆగి మళ్ళీ రావాలంది. ఎక్కడ ఎంత తియ్యాలో కూడా తనే చూపించింది. ఇంత చెవి దీనికి ఎప్పుడొచ్చిందా అని మేస్త్రి బిత్తరపోయాడు. పైకి మాత్రం ఉలికి పదును లేదని విసుక్కున్నాడు.

షూటింగు రోజు ఆయన కూడా వెళ్ళాడు. తెల్లటి గోడలు, గాజు బల్ల, వందమంది జనం. మూడుగంటలపాటు దీపాలే సర్దారు. ఈయన టీ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ తచ్చాడాడు. చివరికి దర్శకుడు సైగ చేస్తే అందరూ ఊపిరి బిగబట్టారు. హీరోయిన్ తలుపు తోసింది.

తలుపు నోరు మెదపలేదు. మళ్ళీ తోసింది. మళ్ళీ అంతే.

మేస్త్రి చెయ్యి జేబు మీదకు వెళ్ళింది. సీసా మూత వదులుగా ఉంది. వేళ్ళకు నూనె జిడ్డు అంటి ఉంది. తచ్చాడేటప్పుడు ఆ చేతులు ఎప్పుడు పని కానిచ్చేశాయో ఆయనకే తెలియదు.

దర్శకుడు కూతురి మీద విరుచుకుపడ్డాడు. ఒక్క తలుపు చూసుకోలేనివాళ్ళు కళాదర్శకులవుతారా అన్నాడు. సామాను సర్దుకుని వెళ్ళమన్నాడు. ఆ అమ్మాయి తండ్రి వేళ్ళ వంక ఒక్కసారి చూసి, "తప్పు నాదే సార్. దుమ్ము పట్టిందని నేనే నూనె వేయించాను" అంది.

ఆ అబద్ధం మేస్త్రికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. వందమందిని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆ అమ్మాయి అబద్ధమాడుతోంది బాబూ. నూనె వేసింది నేను. తలుపు నాది, అది సరిగ్గా పనిచెయ్యకపోతే తప్పు కూడా నాదే. పది నిమిషాలివ్వండి."

తన తలుపులో తప్పుందని ఆయన నోటివెంట రావడం జీవితంలో అదే మొదటిసారి. దర్శకుడు జవాబు చెప్పేలోగానే తలుపు ఊడదీసి నేలమీద పడుకోబెట్టాడు. బందుల్లోంచి ఇనుప పుల్లలు లాగి కిరసనాయిలుతో కడిగాడు. తర్వాత కూతురి వైపు చూసి, "పుల్లల్ని ఎంత వంచమంటావమ్మా?" అని అడిగాడు. కూతురు వేలితో చూపించింది. అంతమంది చూస్తుండగా, తన చేతి పనిని తానే సుత్తితో కొట్టి వంచుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిటికెడు సన్నటి ఇసుక కూడా పోసి తలుపు బిగించాడు.

అది సన్నగా మొదలై, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కిర్రుమంది. కెమెరా వెనక ఎవరి చేతిలోదో గ్లాసు జారిపడింది. ఒంటరితనమంటే ఇదేనని దర్శకుడు అందరికీ వివరించాడు. సామాను సర్దుకోమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

సినిమా వచ్చిన వారం మేస్త్రి భార్యనూ కూతురినీ తీసుకుని మ్యాట్నీకి వెళ్ళాడు. మొదటి గంట జనం ఆవలించారు. తలుపు తెరుచుకున్నప్పుడు మాత్రం హాలంతా కుర్చీల్లో ముడుచుకుపోయింది. ఆ భయాన్ని దాచుకోవడానికి వెనక వరుసలో ఒక కుర్రాడు నవ్వి, "ఈ తలుపు చేసినవాడెవడో గానీ వాడికి పని రాదురా" అన్నాడు.

ఇప్పుడిక గొడవేనని భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపబోయింది. మేస్త్రి అప్పటికే వెనక్కి తిరిగాడు.

"నేనే చేశాను బాబూ. మా అమ్మాయి ఎలా చెబితే అలా చేశాను. ఆ కనపడే ఇల్లంతా మా అమ్మాయిదే."

అవతలి సీట్లో కూతురు మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పాపం, సినిమాకు జడుసుకుందనుకుని ఆ కుర్రాడు ముందుకు వంగి మంచినీళ్ళ సీసా అందించాడు.