పాముగారి స్నానం

ఆసుపత్రిలో ఆవిడను అందరూ ఛీఛీ పిన్ని అంటారు. వార్డులు కడగడం ఆవిడ ఉద్యోగం. రక్తం చూస్తే ఛీ, చీము చూస్తే ఛీఛీ, రోగి దుప్పటి మీదే పని కానిచ్చాడంటే ఇక దండకమే. నోరు ఆగదు, దాంతోపాటు చెయ్యీ ఆగదు. "అంత అసహ్యమైతే ఈ పనిలో ఎందుకు చేరావు పిన్నీ?" అని నర్సులు ఆటపట్టిస్తే, "అసహ్యం లేనివాళ్ళకి శుభ్రం ఏం తెలుస్తుందే?" అంటుంది.

అలాంటి మనిషి ఇంట్లోకి పాము వచ్చింది. పుట్టలోంచి కాదు, గాజు పెట్టెలో. ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయన రిటైరైన రోజున, ఊరు వదిలి వెళ్ళిపోతున్న కండక్టరొకడు తాను పెంచుకుంటున్న చిన్న కొండచిలువను పెట్టెతో సహా ఆయన చేతుల్లో పెట్టి పోయాడు. విషం లేదు, అరవదు, అడ్డం రాదు. ఆయన దానికి బంగారం అని పేరు పెట్టి, మెడలో వేసుకుని టీవీ చూడడం మొదలుపెట్టాడు. కాకిపిల్ల కాకికి ముద్దంటే సరే, పాముపిల్ల డ్రైవరుకెందుకు ముద్దయిందో ఆవిడకు అంతుపట్టలేదు. పైగా దాని తిండి కోసం గడ్డకట్టిన ఎలుకలు తెచ్చి ఫ్రిజ్ పై అరలో పెట్టాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఆ ఫ్రిజ్‌లో పాలు కూడా పెట్టలేదు.

"ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది.

"పాపం, అదెక్కడికి పోతుందే?" అన్నాడాయన.

"ఓహో, నేనైతే ఎక్కడికైనా పోవచ్చన్నమాట!"

ఆయన నాలిక కరుచుకుని, ఎవరైనా దొరికితే ఇచ్చేస్తానన్నాడు. ఎవరూ దొరకలేదు, ఆయన వెతకనూ లేదు.

ఒకరోజు పొద్దున్న చూస్తే పాము తన నీళ్ళ పళ్ళెంలో చుట్టలు చుట్టుకుని పడుకుంది. ముక్కు మాత్రమే పైకి ఉంది. సాయంత్రానికీ అక్కడే, మర్నాడూ అక్కడే. కుబుసం విడిచే ముందు ఒళ్ళు నానబెట్టుకుంటుందిలే అన్నాడాయన, అన్నీ తెలిసినట్టు. ఆవిడకు మాత్రం జీవితంలో మొదటిసారి ఆ పాము నచ్చింది. "ఈ ఇంట్లో చెప్పించుకోకుండా స్నానం చేసేది ఇదొక్కటే" అని మొగుడికి వినబడేలా అంది. పళ్ళెం చాలదని ప్లాస్టిక్ బేసిన్ తెచ్చిపెట్టింది. నీళ్ళ అడుగున నల్లటి నలుసులు చేరితే, మురికి వదులుతోందని మురిసిపోయింది. తమ పాము పొద్దస్తమానం స్నానంలోనే ఉంటుందని వార్డులో గొప్పలు కూడా చెప్పుకుంది.

ఆ నీళ్ళు పారబోస్తున్నప్పుడు ఒక నలుసు ఆవిడ మణికట్టు మీద పడింది. పడి, నడిచింది.

ఆవిడ చెయ్యి విదిలించుకుంది. పెట్టె దగ్గరికి వెళ్ళి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. పాము కంటి చుట్టూ, గడ్డం కింద మడతలో, పొలుసుల సందుల్లో నల్లని చుక్కలు. చుక్కలన్నీ కదులుతున్నాయి. సింకు దగ్గరికి పరుగెత్తి కక్కుకుని, నోరు కడుక్కుని వచ్చి పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

"అవి పాములకి పట్టే పేలమ్మా. కుడుతుంటే తాళలేక నీళ్ళల్లో మునిగి వాటిని చంపుకోవాలని చూస్తోంది. దాన్ని స్నానం అనుకున్నారా? వదిలేస్తే రక్తం పీల్చేసి దాన్నే చంపేస్తాయి. పెట్టెలో ఉన్నదంతా పారేసి కడగండి. పాముని గోరువెచ్చటి నీళ్ళల్లో ఉంచి, తడిగుడ్డతో మెల్లిగా తుడిచి తీసుకురండి. మందిస్తాను."

డ్రైవరు వచ్చి చూశాడు. చూసి, గోడ దాకా వెనక్కి జరిగాడు.

"నా వల్ల కాదే బాబూ! తిప్పేస్తోంది. ఇచ్చెయ్యమన్నావుగా, ఇచ్చేద్దాం. ఎవరూ తీసుకోకపోతే ఊరి బయట వదిలేసి వస్తా."

ఇన్నాళ్ళూ ఆవిడ కోరింది అదే. కానీ ఆవిడ చూస్తున్నది పామును కాదు. వార్డులో ఇలాంటి వెనకడుగులు ఎన్ని చూడలేదు! నువ్వే నా ప్రాణం అంటూ సంచులతో పళ్ళు మోసుకొచ్చేవాళ్ళు, మంచం కింది మలం పళ్ళెం లాగగానే ఫోనొచ్చిందంటూ బయటికి జారుకుంటారు. ఏ చీమూ పుట్టించనంత రోత ఆవిడకు ఆ క్షణాన పుట్టింది. గోడకు అతుక్కుపోయిన ఆ మనిషి తన మొగుడు కావడం వల్ల అది ఇంకా ఎక్కువైంది.

బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు పోసింది. వట్టి చేత్తో, పళ్ళు గిట్టకరుచుకుని, పామును ఎత్తి అందులో పెట్టింది. అది చల్లగా, మెత్తగా మణికట్టుకు చుట్టుకుంటే మళ్ళీ వాంతి వచ్చినంత పనైంది. గుడ్డ తడిపి ఆయనకు అందించింది.

"రండి, మీరే తుడవాలి."

"నాకు అసహ్యంగా ఉందే..."

"నాకు లేదా? రేపు నేను మంచాన పడితే నా పక్కబట్టలు మార్చేది ఎవరు? ఎక్కడ వదిలేసి వస్తారు నన్ను?"

ఆయన వచ్చి కూర్చుని, గుడ్డ అందుకుని, గట్టిగా కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు.

"కళ్ళు తెరవండి," అంది ఆవిడ. "చూస్తూ తుడవండి."