వంటింట్లో ఆగిన బొమ్మ

మా బావగారు పోయారు. ఫోన్లో కబురు అందినవాళ్లు కొందరు, మర్నాడు పేపర్లో చిన్న ఫొటో చూసి తెలుసుకున్నవాళ్లు కొందరు. నాకు మాత్రం వంటింట్లో టీవీ చెప్పింది. అదెలాగో మీకు తెలియాలంటే ముందు మా ఇంట్లో తీగ సంగతి చెప్పాలి. అయిదో క్లాసుతో ఆగిన చదువు నాది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

బావగారంటే మావారి అన్నగారు. సినిమాల్లో ఎడిటరు. పరిశ్రమతో పాటే మేమూ మద్రాసు నుంచి వచ్చి ఫిల్మ్ నగర్‌లో ఒకే ఇంట్లో దిగాం. మావారు అవుట్‌డోర్ షూటింగులని ఊళ్లు పట్టి తిరిగేవారు. ఇంట్లో అత్తగారు, బావగారు, మా తోటికోడలు అక్కయ్య, వాళ్లమ్మాయి, నేను. మా వైపు తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చోదు. సూటిగా మాట్లాడదు కూడా, చెప్పాల్సింది పిల్లల మీద పెట్టి చెప్పడమే. అందుకని హాల్లో వాళ్లు వీడియోలో సినిమా చూస్తుంటే నేను వంటింటి గుమ్మం చాటున నిలబడి చూసేదాన్ని. కాళ్లు లాగేవి. సగం బొమ్మ తలుపుకే అడ్డం.

ఓ ఆదివారం బావగారు స్టూలెక్కి గోడకి మేకులు కొడుతున్నారు. వీడియో పెట్టె వెనక నుంచి తీగ లాగి, అగ్గిపెట్టెంత డబ్బాలో దాన్ని మూడు పాయలు చేశారు. ఒకటి హాల్లో టీవీకి, ఒకటి మంచం పట్టిన అత్తగారి గదిలోకి, ఒకటి వంటింట్లోకి. పోపుడబ్బాల అలమర మీద పాత చిన్న టీవీ పెట్టించారు. హాల్లో ఏ బొమ్మ ఆడితే అన్నిచోట్లా అదే బొమ్మ. ఎందుకు పెడుతున్నదీ ఎవరికీ చెప్పలేదు. వెళ్తూ ఆ స్టూలు మాత్రం టీవీ ఎదురుగా వదిలేసి వెళ్లారు.

నాకు సంతోషం కంటే ముందు భయమొచ్చింది. తడి చేతులు, పొయ్యి, పక్కనే తీగ. ఉరిమితే చాలు పీకి పారేసేదాన్ని. ఎలుక కొరికితే ఇల్లంతా అంటుకోదూ అని అక్కయ్య దగ్గర నసిగాను. బావగారి చెవిన పడింది. "ఆ తీగలో వచ్చేది బొమ్మేగానీ కరెంటు కాదని పిన్నితో చెప్పమ్మా" అన్నారు కూతురితో, నాకు వినపడేలా. అయినా పడుకోబోయే ముందు ఆ తీగని వాసన చూసి గానీ పడుకునేదాన్ని కాదు.

రిమోటు ఆయన చేతిలోనే ఉండేది. అక్కడ ఆపితే ఇల్లంతా ఆగుతుంది. నేను పాలు చూడ్డానికి లేస్తే స్టూలు జరిగిన చప్పుడుకి బొమ్మ ఆగిపోయేది. మొదట్లో నేనేదో చెడగొట్టాననుకుని కంగారుపడ్డాను. నాలుగైదుసార్లయ్యాక అర్థమైంది, నా కోసమే ఆపుతున్నారని. తిరిగొచ్చి కూర్చుని గరిటెతో గిన్నె మీద తట్టేదాన్ని. బొమ్మ కదిలేది. మేమిద్దరం మాట్లాడుకున్నదంటే అదే.

అత్తగారు ఊరుకునేది కాదు. "ఏమే, హీరో కత్తి పట్టుకుని ఎంతసేపు నిలబడతాడు? నీ పప్పు ఉడికిందా లేదా?" అని గదిలోంచి దెప్పేది. అక్కయ్యకీ ఓసారి విసుగొచ్చింది. పోనివ్వండి, తర్వాత కథ నేను చెబుతాలే దానికి అంది. బావగారు ఒక్కటే మాటన్నారు. "స్టూడియోలో పొద్దస్తమానం మనుషుల్ని కత్తిరించే వస్తున్నాను. ఇంట్లో కూడానా?"

అత్తగారు కాలం చేసింది. టేపులు పోయి సీడీలొచ్చాయి. మధ్యలో ఇంకో డబ్బా తగిలించి ఆ బొమ్మనీ ఆ పాత తీగలోకే ఎక్కించారు. మావారు పోయాక నేను చాన్నాళ్లు ఆ స్టూలు మీద కూర్చోలేదు. అన్నాళ్లూ బావగారు హాల్లో సినిమా పెట్టలేదట. అక్కయ్య చెబితే తెలిసింది.

అమ్మాయి పెళ్లయి జూబ్లీ హిల్స్‌లో ఉంటోంది. గదికో కొత్త టీవీ పెట్టిస్తాను, ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకోవచ్చు అని ఎన్నోసార్లు అడిగింది. "గదికో సినిమా అయితే ఎవరి కోసం ఎవరాగుతారమ్మా" అనేవారు ఆయన.

బావగారి గుండెకి స్టెంటు వేశాక నాకు ఆ బొమ్మే ధైర్యం. ఎదురుగా వెళ్లి ఎలా ఉందని అడగలేను కదా. బొమ్మ ఆడుతోందంటే ఆయన బాగున్నట్టు. నేను లేవగానే ఆగిందంటే ఇంకా బాగున్నట్టు. చెబితే నవ్వుతారు, ఒక్కోసారి పనేమీ లేకపోయినా స్టూలు జరిపి చూసేదాన్ని. ఆగేది. నా గుండె కుదుటపడేది.

ఆ మధ్యాహ్నం అక్కయ్య భోంచేసి లోపల పడుకుంది. పొయ్యి కట్టేశానో లేదోనని నేను లేచాను. బొమ్మ ఆగింది. పొయ్యి కట్టేసే ఉంది. వచ్చి కూర్చుని గిన్నె మీద తట్టాను. కదల్లేదు. వినపడలేదేమోనని గట్టిగా తట్టాను. లేచి గుమ్మం దాకా వెళ్లి, అలవాటు కొద్దీ అక్కడే ఆగాను. తర్వాత హాల్లోకి నడిచాను. కుర్చీలోనే ఉన్నారు. రిమోటు చేతిలో ఉంది, బొటనవేలు మీట మీదే ఉంది. "బావగారూ" అని పిలిచాను. ఆయన్ని సూటిగా పిలవడం అదే మొదలు.

నాన్న ఆఖరున ఏమన్నారు పిన్నీ అని అమ్మాయి ఏడుస్తూ అడిగింది. "ఏమీ అనలేదమ్మా. నేను లేస్తే ఆపారు" అన్నాను.

మీరంతా ఆయన కత్తిరించిన సినిమాలు చూసే ఉంటారు. ఆయన ఆపి ఉంచిన సినిమాలు చూసినదాన్ని నేను. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది.

పెద్దకర్మ అయ్యాక ఓ సాయంత్రం, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని అక్కయ్యే సినిమా పెట్టమంది. "ఇంకా ఎవరి చాటునే నీకు? వచ్చి నా పక్కన కూర్చో" అని నన్ను పిలిచింది. కాళ్లు రాలేదు. వంటింట్లో స్టూలు మీదే కూర్చున్నాను. అమ్మాయి మీట నొక్కింది. ఆ మధ్యాహ్నం ఆయన పెట్టిన సీడీ అందులోనే ఉండిపోయింది. ఆగిన చోటి నుంచే మొదలైంది.

కాసేపటికి కుళాయి నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు వినపడింది. స్టూలు జరిపి లేచాను. కుళాయి బిగించి వెనక్కి తిరిగాను.

బొమ్మ ఆడుతూనే ఉంది.