తుని నుంచి రాజమండ్రికి, మా జోయెల్ బండి కోసం

నేను తునిలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే కొత్త పుస్తకాల కట్ట ఒకటి బీరువా పై అరలోకి ఎక్కించబోయి నడుం పట్టేసింది. స్కానింగు తీస్తే వెన్నులో డిస్కు జారిందని తేలింది. ఆపరేషన్ అక్కర్లేదు గానీ ఆరు నెలల పాటు బరువులు ఎత్తకూడదన్నారు డాక్టరుగారు. మా అబ్బాయి జోయెల్‌కి అప్పటికి రెండేళ్ళు నిండాయి, పన్నెండున్నర కేజీల బరువు. "మరి వీణ్ణండీ?" అని అడిగాను. "వీణ్ణయితే అసలు ఎత్తకూడదమ్మా," అన్నారాయన, నవ్వకుండా.

మా అత్తయ్య మరియమ్మగారు మాతోనే ఉంటారు. అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరయ్యారు. ఆ రోజు నుంచి బాబును చంకనేసుకున్నది ఆవిడే. సందు చివర కొట్టుకైనా, చర్చికైనా, సాయంత్రం వీధిలో కాసేపు తిప్పడానికైనా ఆవిడే. నేను ఇంట్లో మంచం మీద కూర్చుని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. కానీ రెండేళ్ళ పిల్లాడికి లోకమంతా గుమ్మం బయటే ఉంటుంది కదా! బయటికి తీసుకెళ్ళేవాళ్ళే వాడికి దగ్గరవాళ్ళు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు వాడి బుగ్గ పట్టుకుని, "అమ్మ దగ్గరికెళ్తావా నాన్నా?" అని అడిగారు. వాడు నావైపు చూసి, "అమ్మ ఎత్తుకోదు," అన్నాడు. అలిగి అనలేదు, మామూలుగా ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఎత్తుకోలేకపోతే తోసుకెళ్ళొచ్చు కదా అని అప్పుడు తట్టింది. ఫోన్‌లో ఫొటోలు చూసి ఒక స్ట్రోలర్ తెప్పించాను. చూడ్డానికి ముద్దుగా ఉంది. కానీ చక్రాలు అరచేతిలో పట్టేటంత చిన్నవి. మా సందులో కంకర పైకి తేలి ఉంటుంది. మొదటి రోజే ముందు చక్రం రాయికి తట్టుకుని బండి ముందుకు ఒరిగింది. బెల్టు ఉండబట్టి బాబు పడలేదు గానీ గడ్డం గీసుకుపోయింది. ఆ బండిని వెనక్కి పంపేశాం. ఈసారి కొంటే చూసి, తోసి, వాణ్ణి అందులో కూర్చోబెట్టి మరీ కొనాలనుకున్నాను. రాజమండ్రిలో పిల్లల సామాన్ల షాపులు పెద్దవి ఉన్నాయని మా స్కూల్లో టీచర్లు చెప్పారు. మా ఆయన లైన్‌మ్యాన్, వర్షాకాలంలో సెలవు దొరకదు. ముందు రోజు సాయంత్రం ఆయన టేపు తీసుకుని ఇంట్లో ద్వారాలన్నీ కొలిచి, "గేటు ఇరవయ్యారు అంగుళాలు. బండి ఇరవై రెండు దాటకుండా చూడు," అని కాగితం మీద రాసిచ్చారు. అలా ఒక రెండో శనివారం నేను, అత్తయ్య, జోయెల్ బయలుదేరాం.

తునిలో ఉదయం ఏడింటి ప్రాంతంలో రైలెక్కాం. సెకండ్ సిట్టింగ్‌లో ముందే రిజర్వేషన్ చేయించుకున్నాను. టికెట్ మనిషికి వంద రూపాయల లోపే, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి బస్సు కుదుపుల కంటే ఇది వంద రెట్లు నయం. అన్నవరం, సామర్లకోట, అనపర్తి దాటుకుంటూ రెండు గంటల్లోపే రాజమండ్రి చేరాం. కిటికీ పక్కన అత్తయ్య ఒళ్ళో కూర్చున్న బాబు పచ్చటి చేలమీద వాలే కొంగల్ని లెక్కపెడుతున్నాడు. వాడి లెక్కలో రెండు తర్వాత ఏడొస్తుంది.

స్టేషన్లో దిగాక వంతెన ఎక్కాలి. లిఫ్టు దగ్గర చాలామంది నిలబడి ఉన్నారు. "మెట్లెక్కేద్దాం అమ్మాయ్, ఎంతసేపు నిలబడతావ్," అన్నారు అత్తయ్య. బాబును ఎత్తుకుని ఆవిడ ముందు, నేను వెనక. నాలుగు మెట్లకోసారి ఆగుతున్నారు. ఆగినప్పుడల్లా, "అదిగో రైలు చూడరా," అని వాడికి ఏదో ఒకటి చూపిస్తున్నారు. మూడోసారి ఆగినప్పుడు నాకర్థమైంది, అది రైలు చూపించడం కాదు. ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి అదిమి పట్టుకుంటున్నారు. మూడు నెలలుగా నా నొప్పి సంగతే చూసుకున్నాను, ఆవిడ కాళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. "ఎప్పటినుంచి అత్తయ్యా?" అని అడిగాను. "ఏంటి ఎప్పటినుంచి? వయసన్నాక ఉండదా? నడు," అన్నారు.

స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాం. మెయిన్ రోడ్డుకి వంద అడిగాడు, ఎనభైకి వచ్చాడు. ఎందుకొచ్చామో విని అద్దంలోంచి చూస్తూ, "ఒక మాట చెప్తానండి, ఏమనుకోకండి," అన్నాడు. "బండి కొనేముందు దాన్ని మడత పెట్టి ఆటోలో పడుద్దో లేదో చూసుకోండి. మొన్నొకావిడ కారంత బండి కొన్నారండి. నా ఆటోలో బండి పెడితే ఆవిడకి చోటు లేదు, ఆవిడ కూర్చుంటే బండికి లేదు. మెయిన్ రోడ్డులో పిల్లల సామాన్ల పెద్ద షాపు ఎదురుగానే మా స్టాండ్. ఏ ఆటోలోనైనా పెట్టి చూసుకోండి, మావాళ్ళెవరూ కాదనరు." షాపులు పదిన్నరకు గానీ తెరవరని చెప్పి, దగ్గర్లో పెసరట్టు బాగా వేసే హోటల్ దగ్గర దింపాడు. అక్కడ కూర్చుని తీరిగ్గా టిఫిన్ చేశాం.

పదిన్నరకి ఆటో ఆయన చెప్పిన షాపుకి వెళ్ళాం. యజమానురాలికి యాభై ఏళ్ళుంటాయి. లక్ష్మిగారు అని పిలుస్తున్నారు అందరూ. లోపల పాతిక రకాల బండ్లున్నాయి. నాకు వెంటనే ఒకటి నచ్చేసింది. సైకిల్ చక్రాల్లాంటి పెద్ద చక్రాలు, మెత్తటి సీటు, కంకరైనా గుంతలైనా లెక్క చెయ్యనట్టుంది. ధర పదమూడు వేలు. మనసులో అప్పటికే దాన్ని మా సందులో తోసేస్తున్నాను. లక్ష్మిగారు దాన్ని బయటికి తియ్యకుండా, "ఎక్కణ్ణుంచి వచ్చారండి?" అని అడిగారు. తుని నుంచి రైల్లో అని చెప్పాను. నడుం సంగతి కూడా చెప్పాను.

"అయితే ఇది వద్దండి. పన్నెండు కేజీలుంటది. రైలెక్కించేదెవరు? మీరా, ఈ పెద్దమ్మగారా?"

అత్తయ్య వెంటనే, "నేను ఎత్తుతాలెండి, అలవాటే," అన్నారు.

"మీకు అలవాటే అమ్మగారూ, మోకాళ్ళకి అలవాటుండద్దా?" అన్నారు లక్ష్మిగారు. షాపులోకి మేం నడిచొచ్చిన తీరులోనే ఆవిడ కనిపెట్టేశారు. ఆవిడ స్టూలు జరిపితే అత్తయ్య కూర్చున్నారు.

తర్వాత గంటసేపు లక్ష్మిగారు నాకు పాఠం చెప్పారు, నేను విద్యార్థినయ్యాను. మరీ తేలికబండి మడిచి సంచిలో పెట్టుకోవచ్చు గానీ చక్రాలు చిన్నవి, గచ్చు మీదే నడుస్తుంది. మరీ పెద్దది రోడ్డుకి బావుంటుంది, ఎత్తలేం. మధ్యరకం చూడాలి. చక్రం మీ జానెడైనా ఉండాలి, లోపల స్ప్రింగు ఉండాలి. సీటు రెక్సిన్‌ది అయితే మన ఉక్కకి పిల్లాడి వీపు నిండా చెమటకాయలే, గుడ్డది తీసుకోవాలి, ఊడదీసి ఉతుక్కునేలా ఉండాలి. బెల్టు రెండు భుజాల మీదుగా, నడుం చుట్టూ, కాళ్ళ మధ్య నుంచి అయిదు చోట్ల పట్టుకోవాలి. అన్నీ కుదిరిన నీలం రంగు బండి ఒకటి ఉంది. ఆరున్నర కేజీలు. మా ఆయన రాసిచ్చిన కాగితం తీసి కొలిస్తే ఇరవై ఒక్క అంగుళాలు.

అంతా బావుంది, జోయెల్ తప్ప. వాణ్ణి అందులో కూర్చోబెట్టి షాపు ముందు రోడ్డు మీదికి తోశాను. పది అడుగులు కూడా వెయ్యలేదు, వెనక్కి తిరిగి ఏడుపు అందుకున్నాడు. బెల్టు పీకేస్తున్నాడు, "నానమ్మా" అని చేతులు చాపుతున్నాడు. స్టూలు మీంచి అత్తయ్య లేవబోయారు. ఎత్తుకుని ఊరుకోబెట్టలేను, వంగి బెల్టు తియ్యాలన్నా భయమే. వీడు దీన్లో కూర్చోడు, వెనక్కి వెళ్ళిపోదాం అనుకున్నాను. ఇంత దూరం వచ్చి, ఆవిడ మోకాలు అరిగేలా మెట్లెక్కించి, వట్టి చేతులతో.

"ఆగండాగండి," అంటూ లక్ష్మిగారు వచ్చారు. హ్యాండిల్ పక్కన రెండు మీటలు నొక్కి, హ్యాండిల్ మొత్తం ఎత్తి బండికి అటువైపు వేసి, వంగి చక్రాల దగ్గర కూడా ఏదో బిగించారు. "ఇప్పుడు ఇటొచ్చి పట్టుకోండమ్మా. ఇందాక మీరు వాడికి కనపడట్లేదు. వాడి ముందంతా లారీలూ బస్సులూనూ. ఎవరు తోస్తున్నారో తెలియకపోతే మనకైనా భయమేస్తది కదా!"

నేను ఇటు వచ్చి నిలబడ్డాను. ఇప్పుడు వాడి మొహం నాకు ఎదురుగా ఉంది. ఏడుస్తూనే నన్ను చూశాడు. కాస్త ఆగి, ఇంకోసారి ఏడవబోయి, మళ్ళీ చూశాడు. నేను మెల్లగా తోశాను. వాడికి దూరంగా జరుగుతున్నది రోడ్డే, నేను కాదు. ఆ సంగతి వాడికి అర్థం కావడానికి రెండు కొట్ల దూరం పట్టింది. మూడో కొట్టు దగ్గర ముక్కు కార్చుకుంటూనే నవ్వి, "అమ్మ తోత్తంది," అన్నాడు. వెనక నడుస్తున్న లక్ష్మిగారితో చెప్పాడో, ఆ బజారుకంతటికీ చెప్పాడో నాకు తెలియదు. నా కళ్ళు మసకబారి ఎదురుగా వస్తున్న స్కూటర్ని కూడా చూసుకోలేదు. ఆవిడే బండి పట్టుకుని పక్కకి లాగారు.

ఐదు వేల రెండు వందలకి బండి కొన్నాను. ఎదురుగా స్టాండులో ఒక ఆటో సీటు వెనక మడత పెట్టి చూశాం, సుబ్బరంగా పట్టింది. మధ్యాహ్నం భోజనానికి దగ్గర్లోని మెస్‌కి వెళ్ళాం. ఇరుకు గదిలో బండెక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలో ఆగిపోతే, వంటావిడ గరిటె పట్టుకునే బయటికొచ్చి, "లోపలికి తోసుకొచ్చేయండి, వాడికి కుర్చీ కూడా అదే కదా," అని బల్ల ఒకటి జరిపారు. అడక్కుండానే మెత్తగా కలిపిన పెరుగన్నం చిన్న గిన్నెలో తెచ్చిచ్చారు. వాడు బండిలోనే కూర్చుని తిన్నాడు. అత్తయ్య రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని వేడి వేడిగా భోంచేసి, మారు చారు వేయించుకున్నారు. మూడు నెలల్లో ఆవిడ చల్లారని అన్నం తినడం అదే మొదటిసారేమో.

మూడున్నరకి ఎండ తగ్గాక గోదావరి గట్టుకి వెళ్ళాం. వరద నీరు ఎర్రగా, నిండుగా పోతోంది. అత్తయ్య ఒక బల్ల మీద కూర్చుని, "మీరిద్దరూ వెళ్ళి రండి, నేను రాను," అన్నారు. కాళ్ళు నొప్పని చెప్పలేదు. వాణ్ణీ నన్నూ కాసేపు ఒంటరిగా వదలాలని కూడా అనుకున్నారని నాకు తెలుసు. గట్టు వెంబడి అరగంట పైగా తోసుకుంటూ తిరిగాను, నేనూ నా కొడుకూ. పడవ కనిపిస్తే ఆగాం. కుక్క కనిపిస్తే ఆగాం. వాడికి ఏది కనిపించినా ముందు నా మొహంలోకి చూసి, తర్వాత వేలు పెట్టి చూపిస్తున్నాడు. నడుం నొప్పి అనిపించలేదు, హ్యాండిల్ నా చేతుల ఎత్తుకు సరిగ్గా ఉంది. నీటి మీంచి గాలి తగిలి వాడు అలాగే నిద్రపోయాడు. తిరిగొచ్చేసరికి అత్తయ్య వేరుశనగలు తింటూ పక్కావిడతో అంగన్‌వాడీ రోజుల కబుర్లు చెబుతున్నారు. నన్ను చూసి, "అప్పుడే వచ్చేశారేంటి?" అన్నారు.

సాయంత్రం రైలెక్కేటప్పుడు ఎవరో పెద్దాయన అడక్కుండానే బండి అందుకుని లోపల పెట్టి, పేరు కూడా చెప్పకుండా తన సీటుకి వెళ్ళిపోయారు. తునిలో దిగాక ఆటో వద్దన్నారు అత్తయ్య. ఇంటికి కిలోమీటరు ఉంటుంది. నిద్రపోతున్న బాబును నేను తోస్తుంటే, ఆవిడ పక్కన రెండు చేతులూ ఊపుకుంటూ నెమ్మదిగా నడిచారు. సోమవారమే మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. సెలవు పెట్టాను. బాబు మాతో పాటు బండిలోనే వచ్చాడు.

ఆ ఒక్క రోజులో నాకు సాయం చేసినవాళ్ళని తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. పదమూడు వేల సరుకు అమ్ముడయ్యే అవకాశం ఉన్నా వద్దని చెప్పిన షాపావిడ, తనకేమీ రాకపోయినా మంచిమాట చెప్పిన ఆటో ఆయన, బల్ల జరిపిన వంటావిడ. వీళ్ళందరూ ఒక రోజు మనుషులు. మా అత్తయ్య మాత్రం మూడు నెలలు మోశారు, వాణ్ణీ నన్నూ కలిపి. థాంక్స్ చెబితే ఆవిడకి కోపం వస్తుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను, ఆవిడ ఈ బ్లాగు చదవరు.

ఇలాంటి పని మీద రాజమండ్రి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. పిల్లల్ని ఇంట్లో వదిలి వెళ్ళకండి, వెంట తీసుకెళ్ళండి. హ్యాండిల్ అటూ ఇటూ మారే బండి తీసుకుని, పిల్లాడు మీవైపు తిరిగి ఉండేలా పెట్టి షాపు బయట రోడ్డు మీద తోసి చూడండి. అలా మార్చినప్పుడు అటూ ఇటూ మళ్ళే ముందు చక్రాలు మీ కాళ్ళవైపు వస్తాయి. వాటి మీదున్న చిన్న మీట నొక్కి కదలకుండా బిగిస్తేనే బండి తిన్నగా నడుస్తుంది. ఇది మర్చిపోతే బండి పాడైందనుకుంటారు, మర్నాడు ఇంటి గేటు దగ్గర నేనే హ్యాండిల్ మార్చినప్పుడు అలాగే అనుకున్నాను.