పాత చర్చిలో మాట

సమ్మక్క క్రైస్తవురాలు. మేడారం మొక్కు మొక్కితే పుట్టిన పిల్లని తల్లి ఆ పేరు పెట్టుకుంది. తర్వాత ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. సంఘం పుస్తకంలో సమ్మమ్మ, మట్టెవాడ మొత్తానికి సమ్మక్క. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. ఎదురుపడ్డ మనిషి మంచిచెడ్డలు అడుగుతూనే చేయి పట్టి నాడి చూసేది. తన ఫికర్లు మాత్రం ఎవరికీ చెప్పుకునేది కాదు.

సంఘం పెరిగి కొత్త చర్చి కట్టుకున్నాక పాతదానికి తాళం పడింది. 1980 వానల్లో ఒక మూల పెంకులు కూలాయి. పత్తి వ్యాపారి ఒకాయన గోదాముకు ఇమ్మని అడిగాడు. పెద్దలు దాదాపు ఒప్పుకున్నారు. ఆ మీటింగులో ఆడవాళ్ల వైపు నుంచి సమ్మక్క లేచింది.

"మా అమ్మ శవప్పెట్టెను ఆఖరుసారి దించింది గాడనే. గిప్పుడు పత్తి బోరెలేస్తరా? బాగుజేసి ఊరికిద్దాం. కథలోళ్లు, పాటలోళ్లు, నాటకాలోళ్లు ఎవలొచ్చినా ఆడుకుంటరు."

పెద్దల్లో అందరికంటే పెద్ద కట్టయ్య. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసినవాడు, వరసకు ఆమెకు అన్న. మాట గట్టిగా మాట్లాడతాడు, ఎదుటివాళ్లూ గట్టిగానే మాట్లాడాలంటాడు.

"బాగుజెయ్ చెల్లె, వద్దంటలేను. గని మొదటి ప్రోగ్రాంకు మేమంత వచ్చి ఎనుకనే కూసుంటం. మాకు నచ్చకపోతే తాళంచెవి సేటుకే."

ఆ మాట పట్టుకుని ఆమె దాదాపు ఏడాది తిరిగింది. చందాలకు ములుగు దాకా పోయింది. పాత సున్నం గోడలు గరుకుగా, గుంతలు గుంతలుగా ఉండేవి. నర్సు కళ్లకు అవి మానని పుండ్లలా కనిపించాయి. మేస్త్రీ మొగిలయ్యతో నున్నగా సిమెంటు చేయించింది. కింద షాబాదు బండలు పరిపించింది. బెంచీలూ తెరలూ అంతకుముందే కొత్త చర్చికి వెళ్లిపోయాయి. ఖాళీ హాలు అద్దంలా మెరిసింది.

ఎలా కుదిరిందో చూద్దామని ఒక ఆదివారం అందరూ వచ్చారు. ఆ సంఘంలో దేన్నైనా పరీక్షించడమంటే పాట పాడి చూడటమే. కీర్తన ఎత్తుకున్నారు. పాట ఆగాక కూడా స్వరం పైకప్పు కింద కాసేపు నిలిచింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. సమ్మక్క కుదుటపడింది. మాట్లాడి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మొదటి ప్రోగ్రాంకు ధర్మసాగర్ వైపు ఊళ్లలో తంబుర మీటుతూ శారద కథ చెప్పే పోశయ్యను ఖాయం చేసుకుంది. ముందుగా చోటు చూసుకుందామని వచ్చిన పోశయ్య, మధ్యలో నిలబడి రెండు మాటలు చెప్పి ఆగాడు. ఆయన ఆగినా హాలు ఆగలేదు. ఒక మాట మీద ఇంకో మాట పడి, అంతా కలిసి బిందెలో నోరు పెట్టి అరిచినట్టయింది.

"అక్కా, నా మాట నాకే మళ్ల ఇనవడ్తాంది. ఈడ పాట నిలుస్తది గని కథ నిలువది. గోడలను జర బట్టలతోని కప్పు, లేకుంటే నన్నిడిసిపెట్టు."

మర్నాటి నుంచి ఆమె రోజూ పొద్దునే పోయి హాల్లో చప్పట్లు కొట్టేది, వినేది, మళ్లీ కొట్టేది. అటుగా పోయేవాళ్లు ప్రార్థన చేస్తోందనుకున్నారు. కట్టయ్య కానీ ఇటు వస్తే ఏం చెప్పాలన్నదే భయం. నున్నగా చేయించింది తనే కదా.

ఇంట్లో దుప్పట్లు ఒక గోడకు కూడా సరిపోవు. చివరికి కొత్తవాడలో జంపఖానాలు నేసే ఖతీజాబీ ఇంటికి పోయింది. ఆమె పిల్లలందరికీ పురుడు పోసింది సమ్మక్కే. గది నిండా జంపఖానాలు మడతలు పెట్టి ఉన్నాయి. అవన్నీ షాపుకు పోవాల్సినవి.

"మరక పడితే షాపోడు వాపస్ పంపుతడు, ఆపా," అంది ఖతీజాబీ. "కూసునేతందుకైతే ఇయ్య. గోడకంటే తీస్కపో. నేను గూడ వచ్చి కాపలుంట."

తాళ్లు కట్టి జంపఖానాలు వేలాడదీశారు. సగం గోడలు కప్పబడ్డాయి. చప్పట్లు కొడితే ఇంకా మోగుతూనే ఉంది, మునుపటంత కాదు. ఇది చాలో చాలదో ఎవరూ చెప్పలేకపోయారు.

ప్రోగ్రాం రోజు పొద్దుగూకాక జనం నిండారు. అన్నట్టే పెద్దలు వెనక వరసలో కూర్చున్నారు, కట్టయ్య చేతిలో తాళంచెవి. పోశయ్య తంబుర శ్రుతి చేసుకుని, పక్కన భార్య డక్కీ మీద దరువు అందుకోగా కథ ఎత్తుకున్నాడు. సమ్మక్క ఆయన వైపు చూడలేదు. గోడవార నిలబడి వెనక వరస ముఖాలే చూస్తోంది. పక్కన ఖతీజాబీ జంపఖానాలకు ఎవరూ ఆనుకోకుండా చూస్తోంది.

కథలో ఒక దొంగ, దొర ఉండే గడి వాకిలి ముందుకొచ్చాడు. కావలివాడు ఎవరని అడిగాడు.

"దొర అల్లుణ్ణి."

"దొరకు బిడ్డలే లేరు గదరా?"

"అందుకే గద, ఇన్నొద్దులు రాలే."

ముందున్నవాళ్లు నవ్వారు. నడుమ ఉన్నవాళ్లూ నవ్వారు. కట్టయ్య ముఖంలో కదలిక లేదు. అప్పుడు కట్టయ్య వంగి ముందు కూర్చున్న భార్య పూలమ్మ భుజం తట్టాడు. ఆమె వెనక్కి తిరిగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. కట్టయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటికి కథ చాలా ముందుకు పోయింది.

కథ అయిపోయాక ఆయన సమ్మక్క దగ్గరికి వచ్చాడు.

"నాకైతే ఒక్క ముక్క ఇనవడలే."

ఆమె చూపు జంపఖానాలు చాలని గోడల మీదికి పోయింది.

"కొత్త చర్చిల గూడ నాకేం ఇనవడ్తలేదు, ఎవలకూ చెప్పకు. మీ వదినకు అంతా ఇనవడ్డదట. రేపట్నించి ఇంట్ల అదే కథ." తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "మల్ల ఎప్పుడు?"

ఆ ప్రశ్నతో ఆమెకు కొత్త ఫికర్ మొదలైంది. తెల్లారి ఖతీజాబీ ఒక్కో జంపఖానా దులిపి, వాసన చూసి, మడత పెట్టి తీసుకుపోయింది. గోడలు మళ్లీ నున్నగా నిలబడ్డాయి.

అందుకని తర్వాతి ప్రోగ్రాంకు సమ్మక్క ఇల్లిల్లూ తిరిగి, వచ్చేటప్పుడు తలా ఒక దుప్పటి తెమ్మని చెప్పింది. గొంగళ్లు తెచ్చినవాళ్లున్నారు, పెండ్లినాటి రగ్గు తెచ్చినవాళ్లున్నారు. లోపలికి రాగానే తాడు మీద వేసి అప్పుడు కూర్చునేవాళ్లు. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ ఆ హాలుకు టికెట్ లేదు, దుప్పటే. ప్రోగ్రాం ఉన్న ప్రతిసారీ ఆమె అందరికంటే ముందొచ్చి, ఒక్కో దుప్పటి తాడెక్కేకొద్దీ గోడలో ఇంకా ఎంత మేర ఖాళీగా కనిపిస్తోందో చూస్తూ గుమ్మంలో నిలబడి ఉండేది.